పుట్టి, టన్ను, ఘనమీటరు: విశాఖ తీరంలో కొలతల మార్పిడి

ఒక ప్రమాణంలో చెప్పిన కొలతను మరొక ప్రమాణంలోకి మార్చి చూపే సాఫ్ట్‌వేర్ నేడు ప్రతి చేతిఫోనులోనూ ఉన్నది. ఎకరాకు ఎన్ని చదరపు గజాలో, బ్యారెల్‌కు ఎన్ని లీటర్లో అది రెప్పపాటులో చెబుతుంది కనుక, ఆ పని కేవలం ఒక గుణకారమేనన్న అభిప్రాయం సామాన్యంగా బలపడింది. ఆ గుణకం ఎక్కడిది, దానిని నిర్ణయించినది ఎవరు, ఏ ఊరి తూకానికి, ఏ కాలపు అడుగుకు అది వర్తిస్తుంది అన్న ప్రశ్నలు మాత్రం తెర వెనుకనే ఉండిపోతాయి. ఆ ప్రశ్నలను పరిశీలించడానికి విశాఖపట్నం చాలా అనువైన చోటు. మద్రాసు మణుగు, బెంగాల్ మణుగు, ఇంగ్లీషు టన్ను, అమెరికా బ్యారెల్, సోవియట్ ఇంజనీర్ల ఘనమీటరు, ఇవన్నీ మూడున్నర శతాబ్దాల కాలంలో ఒకదాని వెనుక ఒకటిగా ఈ తీరానికి చేరాయి. వచ్చిన ప్రతి కొలతనూ అంతకు ముందున్న కొలతతో సరిచూడవలసిన అవసరం ఇక్కడి గుమస్తాలకు, వర్తకులకు, ఇంజనీర్లకు కలిగింది.

ఉత్తరాంధ్ర పల్లెల్లో ధాన్యాన్ని తూచేవారు కాదు, పాత్రతో కొలిచేవారు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఈ లెక్కన పుట్టికి 320 మానికలు. ఐదు తూములకు ఏదుమనీ, పది తూములకు పందుమనీ వేరే పేర్లుండేవి. పుట్టికి పైన గరిసె ఉండేది. ఈ మెట్ల మధ్య నిష్పత్తులు చాలావరకు స్థిరంగా ఉన్నా, మొదటి మెట్టయిన పాత్ర పరిమాణం మాత్రం ఊరికొక తీరుగా, ఒక్కొక్కప్పుడు ఒకే ఊరిలో అమ్మే కుంచం ఒకటి, కొనే కుంచం ఒకటిగా ఉండేది. గింజను రాశిగా పోసి కొలిచారా, అంచుకు సమంగా గీసి కొలిచారా అన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారేది. పుట్టి అనే పేరు ధాన్యపు పరిమాణానికే కాక ఒక తూకానికీ, పుట్టెడు విత్తనం చల్లదగిన నేలకూ చెల్లేది. అంటే ఘనపరిమాణం, బరువు, వైశాల్యం అనే మూడు వేర్వేరు రాశులకు ఒకే పేరు ఉండేదన్న మాట. మాట్లాడుకునేవారికి సందర్భాన్ని బట్టి అర్థమయ్యే ఈ తేడా, సందర్భం తెలియని లెక్కల పుస్తకానికీ, ఆ తరువాతి కాలంలో కంప్యూటరుకూ పెద్ద చిక్కు అయి కూర్చున్నది.

తూకం సంగతి కొంత మెరుగు. మూడు తులాలు ఒక పలం, నలభై పలాలు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ. మద్రాసు వర్తకంలో మణుగును 25 పౌండ్లుగా, బారువను 500 పౌండ్లుగా లెక్కకట్టే ఆచారం స్థిరపడింది. అయితే 1833లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో తులాన్ని 180 గ్రెయిన్ల బరువుగా నిర్ణయించగా (గ్రెయిన్ అంటే పౌండులో 7,000వ వంతు), ఆ తులంతో 120 తులాల వీశెను, దానితో మణుగును కట్టితే వచ్చేది 25 పౌండ్లు కాదు, సుమారు 24.69 పౌండ్లు మాత్రమే. మణుగుకు 143 గ్రాముల ఈ తేడా బారువ దగ్గరకు వచ్చేసరికి 2.85 కిలోగ్రాములు అవుతుంది. ఆచారం చెప్పిన అంకె ఒకటి, నిర్వచనం నుంచి వచ్చిన అంకె మరొకటి అయినప్పుడు దేనిని నమ్మాలి అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. నేటి సాఫ్ట్‌వేర్ కూడా ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకుని, ఆ ఎంపికను చెప్పకుండానే జవాబిస్తుంది.

ఇటువంటి లెక్కలకు దేశీయ గణితంలో ఉన్న సాధనం త్రైరాశికం. తెలిసిన మూడు రాశుల నుంచి తెలియని నాలుగోదాన్ని రాబట్టే ఈ పద్ధతిని, మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన కాలం నుంచి వీధిబడుల వరకు తెలుగువారు అభ్యసించారు. 1847లో పుదూరు సీతారామశాస్త్రి కూర్చిన పెద్దబాలశిక్ష తరువాతి ప్రతుల్లో ఎక్కాలతోపాటు కొలతల పట్టికలు కూడా పిల్లలకు కంఠస్థం చేయించేవారు. కరణానికీ, కోమటికీ నోటికి వచ్చిన ఆ పట్టికే అప్పటి మార్పిడి యంత్రం.

విశాఖపట్నంలో కంపెనీ వర్తకస్థావరం 1680 దశకంలో ఏర్పడింది. ఉత్తరాన భీమునిపట్నంలో డచ్చివారు 1825 వరకు ఉన్నారు. వీరు కొన్న ప్రధాన సరుకు బట్ట, దానికి తూకంతో పనిలేదు. ఇరవై తానులను కోర్జీగా లెక్కించేవారు. నేతలోని చిక్కదనాన్ని పుంజంతో చెప్పేవారు. పుంజం అంటే 120 పడుగు పోగులు గనుక, పద్నాలుగు పుంజాల బట్ట అంటే వెడల్పులో 1,680 పోగులున్న బట్ట. కొలత కర్ర అవసరం లేకుండా లెక్కతోనే నాణ్యతను నిర్ణయించే ఈ పద్ధతి ఎంత తెలివైనదో గమనించదగినది, ఎందుకంటే పోగుల సంఖ్య రాజ్యం మారినా, గజం మారినా మారదు. మిగిలిన సరుకుల విషయంలో కంపెనీ వర్తకానికి అచ్చు పట్టికలు అవసరమయ్యాయి. లండన్‌లో పాట్రిక్ కెల్లీ 1832లో ప్రాచ్యదేశాల కొలతల మీద, కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ 1834లో ఉపయుక్త పట్టికల పేరిట ప్రకటించిన గ్రంథాలు భారతదేశపు తూకాలను ఇంగ్లీషు తూకాల్లోకి మార్చే తొలి సమగ్ర ప్రయత్నాల్లో చేరతాయి.

పొడవు విషయంలో విశాఖపట్నానికి ఒక ప్రత్యేక స్థానం ఉన్నది, అది స్థానికులకు సైతం అంతగా తెలియదు. భారతదేశాన్ని త్రిభుజాల వలగా విభజించి కొలిచిన మహా త్రికోణమితి సర్వేలో, కోణాలను దూరదర్శినితో చూసి లెక్కగట్టినా, కనీసం ఒక భుజాన్నయినా నేల మీద స్వయంగా కొలవక తప్పదు. అలా కొలిచిన భుజాన్ని ఆధారరేఖ అంటారు. దేశం మొత్తం మీద కొలిచిన కొద్దిపాటి ఆధారరేఖల్లో ఒకదానిని 1862-63లో విశాఖపట్నం వద్ద కొలిచారు. ఎండకు లోహం వ్యాకోచించి కొలత తప్పకుండా, ఇత్తడి, ఇనుము కడ్డీలను జతచేసి ఒకదాని వ్యాకోచం మరొకదానిని సరిచేసేలా కల్నల్ కోల్బీ రూపొందించిన పది అడుగుల పరికరాన్ని ఈ పనికి వాడారు. ఇంత జాగ్రత్తగా కొలిచినా, కొలిచినది లండన్ అడుగుతో కాదు, సర్వే శాఖ దగ్గరున్న ఇనుప ప్రమాణ కడ్డీ మీది అడుగుతో. ఆ అడుగు మీటరులో ఎంత అన్నది వేర్వేరు కాలాల్లో వేర్వేరుగా తేలింది గనుక, సర్వే శాస్త్రంలో భారతీయ అడుగు అనే ప్రత్యేక ప్రమాణం ఏర్పడింది. దాని ప్రభావం ఎంతదూరం వచ్చిందో తరువాత చూడవచ్చు.

రైలు వచ్చాక రెండు మణుగులు ఎదురుపడ్డాయి. 1890 దశకంలో వేసిన తూర్పుతీర రైలుమార్గాన్ని రెండుగా పంచినప్పుడు దక్షిణభాగం 1901లో మద్రాసు రైల్వేకు, ఉత్తరభాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకు చెందగా, ఆ రెండూ కలిసే చోటు వాల్తేరు అయింది. రైళ్లు సరుకు రవాణాకు పాటించిన మణుగు బెంగాల్ మణుగు. 80 తులాల శేర్లు నలభై చేరిన ఆ మణుగు 82 పౌండ్ల 2/7, అంటే 37.32 కిలోగ్రాములు, తెలుగు అంగడిలోని మణుగు 11.2 కిలోగ్రాములు. శేరు సంగతీ అంతే: మద్రాసు పద్ధతిలో 24 తులాలకు శేరు, వీశెకు ఐదు శేర్లు, బెంగాల్ పద్ధతిలో 80 తులాలకు శేరు. ఒకే పేరు గల తూకం మూడు రెట్లకు పైగా తేడాతో ఒకే స్టేషనులో చెల్లుబాటవుతున్నప్పుడు రెడీ రెకనర్ అనే ముందే కట్టిన లెక్కల పుస్తకం లేని గుమస్తా ఉండడం సాధ్యం కాదు.

రేవు నిర్మాణం ఈ చిక్కును అంతర్జాతీయ స్థాయికి చేర్చింది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి లోపలికి తవ్విన కాలువతో బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టిన లోపలి రేవులోకి 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ ప్రవేశించింది. అదే సంవత్సరం డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. ఈ రేవు పుట్టుకకు ముఖ్యకారణం మధ్యపరగణాల మాంగనీసు ఖనిజం. దాని ధరను టన్నుకు ఇంత అని కాక, యూనిట్‌కు ఇన్ని పెన్నీలు అని చెప్పేవారు. యూనిట్ అంటే 2,240 పౌండ్ల లాంగ్ టన్నులో నూటికి ఒకటో వంతు లోహం, అనగా 22.4 పౌండ్లు. ఖనిజంలో 48 శాతం మాంగనీసు ఉంటే టన్ను ధర యూనిట్ ధరకు 48 రెట్లు అవుతుంది. ఇనుప ఖనిజపు వర్తకంలో ఈ పద్ధతి నేటికీ బతికే ఉన్నది, కాకపోతే అది తేమ తీసివేసిన మెట్రిక్ టన్నులో నూటికి ఒకటో వంతుగా, అంటే 10 కిలోగ్రాములుగా మారింది. లాంగ్ టన్నుకూ మెట్రిక్ టన్నుకూ మధ్య తేడా 1.6 శాతమే. అయినా పదివేల టన్నుల ఓడ మీద అది 160 టన్నుల సరుకు.

టన్ను అనే పేరు రేవులో పుట్టి కంటె ఎక్కువ పనులు చేస్తుంది. సరుకు టన్ను బరువు. అమెరికా వర్తకుడు టన్ను అన్నప్పుడు అది 2,000 పౌండ్లే కావచ్చు. తేలికైన సరుకుకు కేవు కట్టేటప్పుడు 40 ఘనపు అడుగుల స్థలాన్నే టన్నుగా లెక్కించేవారు. ఓడ పరిమాణాన్ని చెప్పే రిజిస్టర్డ్ టన్ను 100 ఘనపు అడుగుల లోపలి స్థలం. 1969 నాటి అంతర్జాతీయ ఒడంబడిక 1982లో అమలులోకి వచ్చి దాని స్థానంలో ప్రమాణం పేరే లేని ఒక సంఖ్యను పెట్టింది. వీటి మధ్య ఏ సాఫ్ట్‌వేరూ నేరుగా మార్పిడి చేయజాలదు, చేయకూడదు కూడా. ఓడలోకి ఎంత ఖనిజం ఎక్కిందో నిర్ణయించడానికి రేవుల్లో నేటికీ అనుసరించే పద్ధతి ఓడ మునకను చదవడం: ఓడ ముందు, నడుమ, వెనుక భాగాల్లో రాసిన అంకెలు అడుగుల్లో ఉంటే ఆరు అంగుళాల ఎత్తున, మీటర్లలో ఉంటే పది సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి, ఆ మునక నుంచి, నీటి సాంద్రత నుంచి బరువును లెక్కగడతారు. లోతు విషయంలో మాత్రం జాలరికీ ఇంగ్లీషు నావికుడికీ సులువుగా కుదిరింది. రెండు చేతులూ చాచిన పొడవైన బార, ఆరు అడుగుల ఫాదమ్ దాదాపు సమానం, రెండూ మనిషి ఒంటి నుంచే పుట్టినవి గనుక.

స్వాతంత్ర్యం తరువాత భారతీయ ప్రమాణాల సంస్థ, దాని డైరెక్టరు లాల్ చంద్ వర్మన్ తదితరుల కృషితో దశాంశ పద్ధతి చట్టమైంది. ముందుగా 1957 ఏప్రిల్ 1న నాణేలు మారాయి. రూపాయికి 16 అణాలు పోయి 100 నయా పైసలు రావడంతో అణా 6.25 పైసలైంది. కానీ పావు పైసా లేదు గనుక ప్రభుత్వ పట్టిక అణాకు 6, రెండు అణాల బేడకు 12, మూడు అణాలకు 19, పావలాకు 25 పైసలని నిర్ణయించింది. రెండు బేడలు విడివిడిగా మార్చితే 24, కలిపి మార్చితే 25. దీనిని పట్టిక లోపమనడం సరికాదు. నిరంతరంగా ఉండే నిష్పత్తిని విడివిడి అంకెల్లోకి దించిన ప్రతిచోటా ఇది తప్పదు. సరిగ్గా సగం మిగిలినప్పుడు ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. నాణేల పట్టిక ఆ సగాన్ని వదిలివేసింది, అందుకే ఆరు అణాల 37.5 పైసలు 37 అయ్యాయి. ప్రమాణాల సంస్థ ఐఎస్ 2 అనే ప్రమాణంలో వేరే సూత్రం పెట్టింది: సగం మిగిలితే దగ్గరి సరిసంఖ్యకు వెళ్లాలి, అప్పుడు 37.5 కాస్తా 38 అవుతుంది, 12.5 మాత్రం 12 అవుతుంది. జాతీయపతాకపు వివరణ మొదటి ప్రమాణం కాగా అంకెల సవరింపు రెండోది కావడం, ఆ తరం దీనికిచ్చిన ప్రాధాన్యాన్ని తెలుపుతుంది. 1985లో కంప్యూటర్ల అంకగణితానికి ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణం ఐఈఈఈ 754 కూడా సరిసంఖ్య సూత్రాన్నే సాధారణ నియమంగా తీసుకున్నది.

తూకాలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది, ఆంధ్రప్రదేశ్ అమలు చట్టం 1958లో. ఆ ఏడాది అక్టోబరు 1న ఎంపిక చేసిన ప్రాంతాల్లో కిలోగ్రాము మొదలై, 1962 ఏప్రిల్ నాటికి పాత తూకాలు చట్టరీత్యా చెల్లకుండా పోయాయి. వీశె 1.4 కిలోలన్న లెక్క తరువాత కూడా చాలాకాలం అంగళ్లలో నడిచింది.

విశాఖలో పరిశ్రమలు పెరిగిన క్రమాన్ని చూస్తే ప్రతి కర్మాగారం తన దేశపు కొలతలను వెంట తెచ్చుకున్నట్టు కనబడుతుంది. 1941లో సింధియా కంపెనీ శంకుస్థాపన చేయించిన నౌకానిర్మాణకేంద్రం ఇంగ్లీషు అడుగుల్లో పనిచేసే ప్రపంచంలో పుట్టింది. 1952లో ప్రభుత్వపరమై హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయ్యాక సాంకేతిక సహాయం మీటరుకు పుట్టినిల్లయిన ఫ్రాన్సు నుంచి వచ్చింది. 1957లో ఉత్పత్తి మొదలుపెట్టిన కాల్‌టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం, నేటి హిందుస్థాన్ పెట్రోలియం, అమెరికా బ్యారెల్‌ను తెచ్చింది. ఆ బ్యారెల్ 42 అమెరికన్ గ్యాలన్లు, 158.99 లీటర్లు, అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు కాగా, అప్పటికి భారతదేశం వాడుతున్న ఇంగ్లీషు గ్యాలన్ 4.546 లీటర్లు. చమురు వేడికి వ్యాకోచిస్తుంది గనుక బ్యారెల్‌ను 60 ఫారెన్‌హీట్ డిగ్రీల వద్ద, లీటరును 15 సెల్సియస్ డిగ్రీల వద్ద చెప్పడం వాడుక. ఈ రెండు ఉష్ణోగ్రతలూ ఒకటి కావు, అర డిగ్రీకి పైగా తేడా ఉన్నది.

ఉక్కు కర్మాగారంలో ఈ సమస్య మరింత లోతుకు వెళ్లింది. 1966 నాటి విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు ఉద్యమం, 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన, ఇవి తెలుగువారికి తెలిసినవే. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదరడంతో ప్రధాన విభాగాలకు సోవియట్ పరిజ్ఞానం వచ్చింది. 3,200 ఘనమీటర్ల గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో పని మొదలుపెట్టగా, కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశాడు. సోవియట్ దేశమూ మెట్రిక్ దేశమే, భారతదేశమూ మెట్రిక్ దేశమే. అయినా మార్పిడి అవసరం తీరలేదు. సోవియట్ ఇంజనీరింగు పీడనాన్ని చదరపు సెంటీమీటరుకు కిలోగ్రాము బలంగా చెప్పేది, అది 98.07 కిలోపాస్కల్‌లు, 100 కిలోపాస్కల్‌ల బార్‌కు రెండు శాతం తక్కువ. వాయువుల విషయం ఇంకా సూక్ష్మం. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి, కోక్ ఓవెన్ నుంచి వెలువడే వాయువును ఘనమీటర్లలో చెప్పాలంటే ఏ ఉష్ణోగ్రత వద్ద అన్నది ముందే చెప్పాలి. పాశ్చాత్య ఇంజనీరింగులో నార్మల్ ఘనమీటరు సున్నా డిగ్రీల వద్ద. సోవియట్ ప్రమాణం గోస్ట్ 2939 మాత్రం 20 డిగ్రీల వద్ద అంటుంది. రెండింటికీ పేరు ఘనమీటరే, కానీ వాటిలో ఇమిడే వాయువు 7.3 శాతం తేడాగా ఉంటుంది. పొయ్యి మండించే ఇంధనం లెక్కలో ఏడు శాతం చిన్న విషయం కాదు. ప్రమాణాలను మార్చే సాఫ్ట్‌వేర్ ఈ తేడాను ఎన్నటికీ పట్టుకోలేదు, ఎందుకంటే దాని దృష్టిలో ఘనమీటరుకు ఘనమీటరే సమానం.

1970 దశకంలో బెల్ ల్యాబ్స్ యునిక్స్ వ్యవస్థతోపాటు యూనిట్స్ అనే ప్రోగ్రాం వెలువడి కొలతల మార్పిడి సాఫ్ట్‌వేర్‌కు పద్ధతిని చూపింది. వంద ప్రమాణాలను ఒకదానితో ఒకటి జతగా మార్చే పట్టికలు రాయాలంటే 4,950 జతలు కావాలి. అలా కాక, ప్రతి ప్రమాణాన్నీ మీటరు, కిలోగ్రాము, సెకను వంటి కొన్ని మూలప్రమాణాలతో మాత్రమే ముడిపెడితే వంద వాక్యాలతో పని తీరుతుంది. ప్రతి రాశికీ దాని స్వభావం కూడా వెంట ఉంటుంది కనుక, బరువును పొడవులోకి మార్చమంటే ప్రోగ్రాం నిరాకరిస్తుంది. గిద్దె నుంచి పుట్టి దాకా మెట్లుమెట్లుగా కట్టిన తెలుగు పట్టిక ఆలోచనలో దీనికి దూరం కాదు. దానికి లేనిది మొదటి మెట్టుకు ఒక స్థిరమైన ఆధారం మాత్రమే.

ఆధారాన్ని నమోదు చేయడంలో శ్రద్ధ ఎంత ఫలితమిస్తుందో పటాల సాఫ్ట్‌వేర్ చూపుతుంది. అమెరికా భూవిజ్ఞాన సర్వేలో జెరాల్డ్ ఎవెండెన్ రూపొందించిన ప్రాజ్ అనే ప్రోగ్రాం నేడు ప్రపంచమంతటా అక్షాంశ రేఖాంశాలను పటపు కొలతల్లోకి మార్చడానికి వాడుకలో ఉన్నది. దాని ప్రమాణాల జాబితాలో సాధారణ అడుగు పక్కనే భారతీయ అడుగు 0.30479841 మీటరుగా, భారతీయ గొలుసు 20.11669506 మీటర్లుగా నిలిచాయి. విశాఖ ఆధారరేఖను కొలిచిన సర్వే సంప్రదాయపు అడుగు ఇదే. 0.3048తో పోలిస్తే కిలోమీటరుకు అయిదు మిల్లీమీటర్ల తేడాయే కదా అనిపించవచ్చు. కానీ 1830లో జార్జ్ ఎవరెస్ట్ భూగోళపు వ్యాసార్ధాన్ని 2,09,22,931.8 అడుగులని నిర్ణయించాడు, దానిని భారతీయ అడుగుతో మార్చితే ఒక విలువ, మామూలు అడుగుతో మార్చితే అంతకంటె 33 మీటర్లు ఎక్కువైన మరో విలువ వస్తాయి. భూసర్వే దత్తాంశాల్లో ఈ అడుగుకు 1937, 1962, 1975 సంవత్సరాల పేరిట వేర్వేరు నమోదులు కూడా ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న మొదలైన భూముల రీసర్వే ఈ అంశాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. బ్రిటిష్ కాలపు సర్వే పుస్తకాల్లోని హద్దులు 66 అడుగుల గంటర్ గొలుసుతో, దానిలో నూరో వంతైన లింకులతో కొలిచినవి. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. కొత్త సర్వే ఉపగ్రహ సంకేతాలను అందుకునే పరికరాలతో మీటర్లలో సాగుతుంది. పాత పుస్తకం, కొత్త పటం కలిసే చోట మార్పిడి సాఫ్ట్‌వేరే మధ్యవర్తి. విశాఖ నగరంలో స్థలం అమ్మకం గజాల్లో, రికార్డు ఎకరాలు సెంట్లలో, భవన నిర్మాణ ప్లాను చదరపు మీటర్లలో ఉండడం మామూలు. సెంటును 48.4 గజాలుగా తీసుకుంటే ఐదు సెంట్లు 242 గజాలు, నోటిలెక్కన 48గా తీసుకుంటే 240. నగరంలో ఆ రెండు గజాల విలువ ఎంతో కొన్నవారికే తెలుసు.

జమీందారీ కాలపు దస్తావేజుల్లో మాత్రం సెంట్లూ లింకులూ కనబడని సందర్భాలు ఉంటాయి. 1802 శాశ్వత పరిష్కారం నుంచి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం దాకా ఈ జిల్లాలో పెద్దభాగం జమీందారుల ఏలుబడిలో ఉండగా, శిస్తు లెక్కలు పుట్లలోనూ తూములలోనూ సాగాయి. వాటిని చదివే పరిశోధకుడికి కావలసినది కుంచం ఇన్ని లీటర్లన్న ఒక్క జవాబు కాదు. భారతీయ అడుగుకు జరిగినట్టుగానే, ఏ ఊరి కుంచం, ఏ సంవత్సరంలో, రాశిగా కొలిచినదా గీసి కొలిచినదా అన్న వివరాలతో విడివిడి నమోదులు. కార్మైకేల్ 1869లో రాసిన జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907లో వెలువరించిన గెజిటీర్, దేవాలయాల లెక్కలు, ఎస్టేట్ల కాగితాలు అందుకు ముడిసరుకు. ఆ పాత పాత్రలు ఇంకా కొన్ని ఇళ్ల అటకల మీద ఉన్నాయి, వాటిలో నీళ్లు పోసి మిల్లీలీటర్లలో కొలిచి రాసుకోవడం కష్టమైన పని కాదు.